పక్కన పెట్టిన సీసా

పడవ తెచ్చిన పెట్టెలో మూడు సీసాలున్నాయి. మూడింట్లోనూ ఉండాల్సిన రంగు లేదు.

సముద్రపు అడుగు నీటిలో ఆక్సిజన్ ఎంతుందో తేల్చడం ఆమె పని. నీళ్ళు పట్టిన వెంటనే పడవ మీదే సీసాలో రెండు మందులు వేసి, గాలి దూరకుండా బిరడా బిగిస్తారు. నీటిలో ఊపిరి ఉంటే సీసా అడుగున చిక్కటి గోధుమరంగు మడ్డి దిగుతుంది. ఊపిరి తగ్గేకొద్దీ ఆ రంగు వెలిసిపోతుంది. అసలేమీ లేకపోతే సున్నప్పిండిలా తెల్లగా కూర్చుంటుంది. లెక్క తేలడానికి ఆ తర్వాత ఇంకా పనుంది గానీ, సీసా ఎత్తి కిటికీ వైపు పట్టుకుంటే సగం సంగతి ఆమెకు అక్కడే తెలిసిపోతుంది. ఆ ఉదయం రెండు సీసాల్లో రంగు నీరసంగా ఉంది. ఇంకోదాంట్లో ఉందా లేదా అన్నట్టుంది.

ఆమె మూడింటినీ బల్ల మీద పెట్టి, మందు చుక్కచుక్కగా వదిలి కొలిచే బ్యూరెట్ కడగడం మొదలుపెట్టింది.

రేవులో ఆమెను అందరూ సీసాలమ్మ అంటారు. తండ్రి పడవ ఇంజన్లు బాగుచేసేవాడు. ఆమె డిగ్రీ అవగానే, మూతపడ్డ మంచు ఫ్యాక్టరీలో కొత్తగా పెట్టిన ఈ ల్యాబులో సీసాలు కడగడానికి తాత్కాలికంగా చేరింది. ఆ తాత్కాలికానికి ఇరవై ఏళ్ళు నిండాయి. కడగడం నుంచి నింపడానికి, నింపడం నుంచి కొలవడానికి ఎదిగింది, మధ్యలో ఎప్పుడో పర్మనెంటూ అయింది. గోడలకు ఉప్పు పట్టి పెచ్చులూడతాయి, కిటికీ ఊచలు రెండేళ్ళకోసారి తుప్పుకి తెగిపోతాయి, ఆమె బల్ల మాత్రం ఆసుపత్రి బల్లలా ఉంటుంది. బస్సు డ్రైవరైన మొగుడు, ఇంట్లో నూనె సీసాకి మూత పెట్టని మనిషికి జీతమిచ్చి బిరడాలు బిగించే పనిచ్చారే అని నవ్వుతుంటాడు.

ల్యాబు ఒంటరిది కాదు. ఆ సముద్రం చుట్టూ ఉన్న ఐదు దేశాలు కలిసి ఒక ఒప్పందం రాసుకున్నాయి. నీళ్ళు వేడెక్కుతున్న కొద్దీ, ఒకప్పుడు లోతుల్లో ఉండిపోయే ఊపిరిలేని నీరు ఏటేటా ఒడ్డుకి దగ్గరగా పాకుతోంది. ఒకరి అడుగున చచ్చిన నీరు మూడోనాటికి పక్కవాడి ఒడ్డున తేలుతుంది. కాబట్టి ఐదు దేశాల ల్యాబులూ ఒకే పద్ధతిలో కొలిచి, ఆ రోజు అంకె ఆ రోజే అందరికీ పంపాలి. అంకె లీటరుకి రెండు మిల్లీగ్రాముల కిందకి దిగితే హెచ్చరిక వెళుతుంది. పాయల్లో వలల పంజరాలు కట్టి చేపలు పెంచేవాళ్ళు ఆ హెచ్చరిక చూసుకుని పంజరాలు లాక్కుపోవడమో, చేపలు పట్టేసుకోవడమో చేస్తారు. చూసుకోకపోతే ఒక్క పూటలో మొత్తం తెల్లటి పొట్టలతో పైకి తేలుతుంది.

ఆ పంజరాల్లో కొన్ని ఆమె అక్కవీ బావవీ.

పోయినేడాది ఆమె ఒక్కదాని అంకె మీదే హెచ్చరిక వెళ్ళింది. బావ ఆదరాబాదరాగా ఇంకా ఎదగని చేపలన్నీ పట్టి అడిగినవాడికి ఇచ్చేశాడు. సాయంత్రానికి గాలి తిరిగింది. చచ్చిన నీరు వచ్చిన దారినే వెనక్కి పోయింది. చేపలు పట్టకుండా మొండిగా కూర్చున్న పక్కవాళ్ళు పదిలంగా ఉన్నారు. అప్పట్నుంచి బావ ఆమె కనిపించినప్పుడల్లా, "ఏం మరదలా, ఇవాళ సముద్రం ఉందా, పోయిందా?" అని అడగడం మొదలుపెట్టాడు. గొణిగింది బావ ఒక్కడే కాదు. ఐదు దేశాల్లోనూ గొణిగారు. అధికారులు కూర్చుని నియమం మార్చారు. ఎదురెదురు ఒడ్డుల మీదున్న రెండు ల్యాబుల అంకెలు కలిస్తేనే హెచ్చరిక. ఒక్కరిది చాలదు.

ఆమెకు ఎదురొడ్డు ల్యాబు వేరే దేశంలో ఉంది. అక్కడా ఇదే పని చేసే ఒకావిడ ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నది ఫోన్ తెరమీదే. ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరికీ సగం సగం వచ్చిన ఇంగ్లీషులో నెట్టుకొస్తారు. పేరు పెట్టి పిలవడం ఆమెకు ఎబ్బెట్టుగా అనిపించి, మా దగ్గర ఇలా పిలుస్తామని 'వదినా' అనే మాట నేర్పింది. ఆవిడ కూడా తిరిగి వదినా అనే పిలుస్తుంది. ఎవరు ఎవరి ఆడపడుచో తేల్చలేదు. అంకెలు పంపేముందు రోజూ ఒకసారి మాట్లాడుకుంటారు. నియమం మారాక అది ఇంకా అవసరమైంది. ఏడాది తిరిగేసరికి ఐదు దేశాల పటంలో ఇంత చక్కగా కలిసే జంట ఇంకోటి లేదని పేరొచ్చింది. పెద్ద సమావేశంలో వాళ్ళ అంకెల గీతలు రెండూ తెరమీద ఒకదానిమీద ఒకటి పెట్టి చూపిస్తే చప్పట్లు కొట్టారట.

ఆ ఉదయం బ్యూరెట్ కింద మొదటి సీసా అంకె ఒకటిన్నర దగ్గర ఆగింది. రెండోది మూడు. మూడోది మూడు మీద కొంచెం.

ఆమె ఫోన్ తీసింది. వదిన గొంతు మామూలుగానే ఉంది. ఎండలు, మోకాళ్ళ నొప్పులు అయ్యాక అంకె దగ్గరకొచ్చారు. ముందు నువ్వు చెప్పంటే ముందు నువ్వని కాసేపు వాదులాడుకోవడం మామూలే. చివరికి ఆవిడే చెప్పింది, తమది మూడు దాటిందని.

ఈమెకు భుజాల మీద బరువు దిగినట్టయింది. తన రెండు సీసాలూ మూడే. అంటే ఆ ఒకటిన్నర సీసాలోనే ఏదో తేడా జరిగి ఉండాలి. చెడిపోయిన సీసాను లెక్కలోంచి తీసేసే అధికారం కొలిచేవాళ్ళకుంది. చెయ్యి దానంతటదే వెళ్ళి మొదటి సీసాను తీసి తొట్టి పక్కన పెట్టింది.

అప్పుడే కింద గేటు దగ్గర్నుంచి కాపలా అతను పిలిచాడు. మీ బావగారొచ్చారు, పైకి రానివ్వకూడదు కదా, మీరే దిగండి అన్నాడు.

బావ మెట్ల కింద నిలబడి ఉన్నాడు. లుంగీ మోకాళ్ళదాకా తడిసి ఉంది. ఎప్పుడూ వేళాకోళంతో మొదలుపెట్టే మనిషి ఈసారి మొదలుపెట్టలేదు. తెల్లారగట్ల నుంచి గాలి చచ్చిపోయిందని, పీతలు పంజరం తాళ్ళెక్కి నీటిపైకి వచ్చి కూర్చున్నాయని చెప్పాడు. చేపలు మేతకి రావట్లేదట. వచ్చే వారం పట్టాల్సిన సరుకు. ఇవాళే పడితే తూకం కుదరదు, పట్టకపోతే ఏమవుతుందో తెలీదు.

"పోయినసారి నీ మాట విని పిల్లచేపల్ని అమ్ముకున్నాను," అన్నాడు. "ఈసారి చెప్తే గట్టిగా చెప్పు. లేకపోతే అసలు చెప్పకు. సగం సగం మాత్రం వద్దు తల్లీ."

హెచ్చరిక బయటికి వెళ్ళేదాకా సొంతవాళ్ళకి చెప్పకూడదని కాగితం మీద సంతకం పెట్టిన మనిషి ఆమె. చెప్పడానికైనా ఆమె దగ్గర ఏముంది? మూడు అని చెప్పాలి. మూడంటే భయం లేదు. కానీ పీతలు తాళ్ళెక్కాయంటున్నాడు బావ. ఇక్కడే ఉండు బావా అని మెట్లెక్కేసింది.

పైన మేడమ్ బల్ల దగ్గర నిలబడి ఉంది. ల్యాబు ఇన్‌ఛార్జి ఆవిడే. వయసులో ఈమెకంటే బాగా చిన్న. ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఈమెను అక్కా అనే పిలుస్తుంది. అంకె ఇంకా వెళ్ళలేదేమని చూడ్డానికొచ్చింది. చూపు తొట్టి పక్కనున్న సీసా మీద పడింది.

"అదెందుకక్కా పక్కన పెట్టావు?"

"చెడింది మేడమ్."

"ఏమైంది? బుడగ పడిందా?"

సీసాలో గాలిబుడగ పడితే అంకె పెరుగుతుంది గానీ తగ్గదు. ఆ సంగతి ఈ గదిలో చీపురు పట్టినవాళ్ళకి కూడా తెలుసు. మేడమ్ గొంతు పెంచలేదు. ఇంకొక్క ప్రశ్న అడిగింది.

"గొట్టంలోంచి మొదట నింపింది ఏది?"

అడుగు నీరు గొట్టంలో పైకొస్తుంది. కిందనున్న కుళాయి తిప్పి ఒకదాని తర్వాత ఒకటి సీసాలు నింపుతారు. గొట్టం ఖాళీ అవుతున్నకొద్దీ ఆ ఖాళీలోకి పైనుంచి గాలి దిగుతుంది. ఆలస్యంగా నింపిన సీసాకి ఆ గాలి కొంత అంటుతుంది. ఊపిరున్న నీటిలో ఆ తేడా తెలీదు. ఊపిరిలేని నీరైతే ఆకలిగొన్నవాడిలా దొరికిన గాలినంతా పీల్చుకుంటుంది. ఆమె పెట్టె వైపు చూసింది. మొదటి గడి ఖాళీగా ఉంది. అందులోంచి తీసిన సీసాయే తొట్టి పక్కనుంది.

"ఇదే మేడమ్."

మేడమ్ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎదురొడ్డు నుంచి ఎంతొచ్చిందని అడిగింది. మూడు అని చెప్పాక, ఆ మూడు నీకు ముందు తెలిసిందా, సీసా ముందు పక్కన పెట్టావా అని అడిగింది. ఈమె నిజమే చెప్పింది. ముందు ఫోన్ చేశాను, తర్వాత పక్కన పెట్టాను అంది. మేడమ్ ముఖంలో రంగు మారింది.

"ఆవిడ కూడా అంతేనేమో కనుక్కో."

కింద బావ ఒకసారి దగ్గాడు. గేటు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చిన అడుగుల చప్పుడు వినిపించింది.

ఫోన్ కలవడానికి చాలాసేపు పట్టింది. ఒకసారి మోగి ఆగిపోయింది. రెండోసారి మధ్యలో తెగింది. ఆ కాసేపట్లో ఆమె అరచేతులు పైటకి రెండుసార్లు తుడుచుకుంది. మూడోసారి వదిన ఎత్తింది. ఈసారి ఎండలూ మోకాళ్ళూ లేవు.

"వదినా, ఇవాళ నువ్వు లెక్క తీసేసిన సీసా ఏమైనా ఉందా?"

అవతల ఎక్కడో నీళ్ళు పడుతున్న చప్పుడు. ఎవరో కుళాయి కట్టేశారు.

"ఒకటుంది," అంది వదిన. "చెడిపోయింది."

"ఎంతొచ్చింది?"

"చెడిందన్నాను కదా."

"చెడినా ఎంతో ఒకంత వచ్చుంటుంది కదా వదినా."

వదిన చెప్పడానికి ఇష్టపడలేదు. పోయినేడాది మీ దేశం నుంచి తప్పుడు హెచ్చరిక వచ్చినప్పుడు మా ఒడ్డున కూడా జనం ల్యాబు మీదకొచ్చారు, నా ఉద్యోగం ఏడాదికోసారి పొడిగించేది, నీలా పర్మనెంటు కాదు అంది. ఈమె అన్నీ విన్నది. విన్నాక, మా బావ కింద నిలబడి ఉన్నాడు అని మాత్రం అంది. అంకె మళ్ళీ అడగలేదు.

"ఒకటి పాయింట్ ఏడు," అంది వదిన. "నిన్న నువ్వు నాలుగన్నావు. ఒక్క రాత్రిలో అంత ఎలా పడిపోతుంది? అందుకే నాదే తప్పనుకున్నాను. నీ నిన్నటి అంకెని చూసి నాది పారేశాను."

"నిన్న నాకూ ఒక సీసాలో తక్కువొచ్చింది," అంది ఈమె. "నీది బాగుందన్నావని తీసేశాను."

చప్పట్లు కొట్టించుకున్న ఆ రెండు గీతలు అంత చక్కగా ఎందుకు కలిశాయో ఇద్దరికీ ఒక్కసారే అర్థమైంది. సముద్రాన్ని కొలవాల్సినవాళ్ళు వానలు మొదలైనప్పటి నుంచి, కొన్ని నెలలుగా, ఒకరినొకరు కొలుచుకుంటున్నారు. మర్యాదకి ఒకరి మాట ఒకరు కాదనలేదు, అంతే. అబద్ధం చెప్పాలని ఇద్దరిలో ఎవరికీ లేదు. మంచి మనసుతో చేసిన పని కాబట్టే అది ఎవరి కంటా పడలేదు.

వినీ వినగానే మేడమ్ కంప్యూటర్ ముందుకి వెళ్ళింది. రెండు ఒడ్డుల్లోనూ పక్కన పెట్టిన సీసాల అంకెలు రెండుకి కిందే ఉన్నాయి. నియమానికి అది చాలు. ఎదురొడ్డు ఇన్‌ఛార్జితో తనే మాట్లాడింది. ఆ మాటలు పొడిపొడిగా సాగాయి. హెచ్చరిక కింద ఇంకో వాక్యం చేర్చింది. వానలు మొదలైనప్పటి నుంచి ఈ రెండు ల్యాబులు పంపిన అంకెల్ని తిరిగి పరిశీలించేదాకా నమ్మవద్దని. ఆ వాక్యం చేరుస్తూ ఈమె వైపు తిరిగి చూసింది, ఏమైనా అంటుందేమోనని. ఈమె పంపించండి మేడమ్ అంది.

ఆమె మెట్లు దిగేసరికి బావ చేతిలో ఫోన్ మోగింది. హెచ్చరిక చదివాడు. వెటకారం చేయలేదు, పోయినేడాది ఊసెత్తలేదు.

"ఒడ్డుకి లాగనా, ఇప్పుడే పట్టేయనా?"

"పట్టేదాకా చేపలు ఆగవు. ఇసుక తిన్నె పక్కకి లాగు బావా. అక్కడ లోతు లేదు, కెరటం కొడుతుంది, నీళ్ళలో గాలి కలుస్తుంది."

"వెనకవి సముద్రం మొగ దగ్గరున్నాయి."

"వాటినే ముందు లాగాలి."

అతను అప్పటికే స్కూటర్ తిప్పుతున్నాడు. మేడమ్ కిటికీలోంచి నువ్వు కూడా వెళ్ళక్కా అంది. ఆమె వెనక ఎక్కి కూర్చుంది.

పంజరాన్ని లాగడం బండిని లాగడం లాంటిది కాదు. పడవ జోరుగా పోతే వల వెనక్కి వాలి సంచిలా మూసుకుపోతుంది, లోపలి చేపలు ఒకదానికొకటి నలిగి చస్తాయి. నెమ్మదిగా పోతే చచ్చిన నీరు ముందే చేరుకుంటుంది. బావ దగ్గర ఉన్నది ఒక్క పడవ. పక్క పంజరాలవాళ్ళ పడవలు వాళ్ళ పనిలోనే ఉన్నాయి. అక్క ఇంజన్ దగ్గర కూర్చుంది. బావ తాడు పట్టుకుని, నడుములోతు నీళ్ళలోంచి తగ్గించు, పెంచు అని చెయ్యి ఊపుతున్నాడు. ఈమెకు తిన్నె దగ్గర నిలబడి, వచ్చిన పంజరాన్ని గుంజకి కట్టే పని అప్పజెప్పారు. పాయ మీద నీళ్ళు నూనె పోసినట్టున్నాయి. ఒక్క మడత లేదు.

మొగ దగ్గర మొదటి పంజరం కదిలేసరికే చేపలు పైకొచ్చేశాయి. నోళ్ళు నీటిమీద పెట్టి తెరుస్తున్నాయి, మూస్తున్నాయి. వాన చినుకులు పడుతున్నట్టు సన్నటి చప్పుడు. బావ ఇంజన్ పెంచమన్నాడు. అక్క పెంచలేదు. పెంచమంటుంటే నీకే అని అరిచాడు. వల మూసుకుపోతోంది చూడు అని అక్క తిరిగి అరిచింది. ఇద్దరిలో అక్క మాటే నెగ్గింది, చెయ్యి ఆమెది కాబట్టి. పంజరం అంగుళం అంగుళంగా తిన్నె చేరింది. ఈమె తాడందుకుని గుంజకి చుట్టింది. ఎడమ అరచేయి ఒరుసుకుపోయింది. తెరిచిన నోళ్ళు కొన్ని అలాగే ఆగిపోయాయి, ఎక్కువ భాగం కెరటం తగలగానే తోకలాడించి కిందకి దిగాయి.

తర్వాతది వచ్చింది. ఆ తర్వాతది వచ్చింది. ఎండ నడినెత్తి దాటింది. మొగ దగ్గర మిగిలిన పంజరాల కోసం పడవ తిరిగి వెళ్ళేసరికి అక్కడి నీళ్ళ మీద చప్పుడు ఆగిపోయి ఉంది. బావ ఒక పంజరం అంచు పట్టుకుని లోపలికి చూసి, తాడు విప్పి నీళ్ళలోకి విసిరేశాడు. పాయలో ఇంకా పైకి ఉన్న పంజరాల వైపు తిప్పమని అక్కకి చెయ్యి చూపించాడు.

సాయంత్రానికి తిన్నె పక్కన వరసగా కట్టిన పంజరాల్లో చేపలు ఈదుతున్నాయి. సగానికి కొంచెం ఎక్కువ మిగిలింది. మిగతాది గంపల్లోకి ఎత్తుతున్నారు. హెచ్చరిక ఒక్క పూట ముందు వచ్చి ఉంటే మొత్తం మిగిలేదని లెక్క కట్టడానికి శాస్త్రవేత్త అక్కర్లేదు. ఆ మాట ఎవరూ అనకముందే ఆమె తనే చెప్పేసింది. నిన్నటి సీసా సంగతి, వదిన సంగతి, అవి మొదలై ఎన్నాళ్ళైందో.

బావ గంప దించి నిలబడ్డాడు. "ఎన్నాళ్ళంటున్నావు?"

"వానలు మొదలైనప్పట్నుంచి."

ఆ తర్వాత అడిగింది అక్క. చెల్లెల్ని కాదు, మొగుణ్ణి.

"పోయిన నెల చేపలు చచ్చింది మేత వల్లే అన్నావు. నేను నానబెట్టిన మేత పులిసిందన్నావు. నెలరోజులుగా మేత గిన్నె ముట్టుకోనివ్వట్లేదు నన్ను. ఇప్పుడు చెప్పు, ఏది పులిసింది?"

బావ గంప వైపు చూశాడు. సరేలే అన్నట్టు చెయ్యి ఊపబోయి, పక్కనున్న పనివాళ్ళు వింటున్నారని చూసుకుని, "మేత కాదు," అన్నాడు అందరికీ వినిపించేట్టు.

అక్క అప్పుడు చెల్లెలి వైపు తిరిగింది.

"రోజూ పొద్దున్నే సముద్రం అవతల మనిషిని అడిగావు, నీళ్ళెలా ఉన్నాయని. నేను ఈ నీళ్ళ మీదే ఉంటాను. ఒక్కరోజు ఒక్క ఫోన్ చేశావా?"

చెల్లెలు చేయలేదు. కారణం చెప్పొచ్చు. పీతలు తాళ్ళెక్కడం అంకె కాదు, మేత తినకపోవడం ఐదు దేశాల పట్టికలో ఎక్కడా పట్టదు. హెచ్చరికకి ముందు సొంతవాళ్ళతో మాట్లాడకూడదని సంతకం కూడా పెట్టింది. అవన్నీ నిజమే. ఫోన్ చేయకపోవడమూ నిజమే.

"గాలి లేవలేదింకా," అంది అక్క, పాయ వైపు చూస్తూ. "లేవకపోతే ఇవి కూడా తెల్లారేదాకా ఉంటాయో లేదో. పొద్దున్న సీసాల పడవ వెళ్తుందా?"

"వెళ్తుంది. నేనే వెళ్తాను."

"అంకె నాక్కూడా చెప్పు. ఎవరిదీ చూసుకోకుండా, నీది. తిట్టాలనుకుంటే అప్పుడు తిడతాను," అని అక్క గంప చెవి పట్టుకుంది. "ఆ వైపు ఎత్తు. చెయ్యి బాలేకపోతే కుడిచేత్తో పట్టు."